తిరిగి ఇచ్చేసిన అడ్రసులు

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. మాణిక్యాంబగారి దగ్గర మాత్రం అడిగినవాడే లోకువ. ఆవిడను ఏ ప్రశ్న అడిగినా జవాబు రాదు, పని వస్తుంది. "ఇలా కూర్చో" అని పక్క కుర్చీ చూపిస్తారు, ఏదో ఒకటి చేయిస్తారు, చేసినవాడు తల గోక్కుంటూ ఇంటికి పోతాడు. వారానికో నెలకో, ఓహో అదేనా జవాబు అని వాడికి తడుతుంది. ఆవిడ దగ్గర డేటాబేసుల పని నేర్చుకున్నవాళ్లు ఇవాళ నాలుగు ఊళ్లలో పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. మేడమ్ మీకేం నేర్పారయ్యా అంటే ఒక్కడూ ఫలానా మాట అని చెప్పలేడు.

జోజిబాబు ఆవిడకు ఆఖరి శిష్యుడు. వాళ్లిద్దరూ పనిచేసేది బెజవాడలో ఒక చిన్న సంస్థలో. ఏ ఆసుపత్రిలో పాముకాటు మందు ఎన్ని సీసాలుందో చెప్పడమే ఆ సంస్థ పని. లంక గ్రామాల్లోనో, డెల్టా చివర పల్లెల్లోనో ఒక నర్సమ్మ తన ఫోనులో ఊరి పేరు నొక్కితే, దగ్గర్లో మందున్న ఆసుపత్రి ఏదో, అందులో ఎన్ని సీసాలున్నాయో తెర మీద కనిపిస్తుంది. ఆ లెక్కంతా ఒక డేటాబేసులో ఉంటుంది. నాట్ల రోజుల్లో వాన పడితే పాములు గట్లెక్కుతాయి, అడిగేవాళ్లు పదింతలవుతారు. అందుకని డేటాబేసులోంచి లెక్క తెచ్చి నర్సమ్మల ఫోన్లకు అందించే సర్వర్లను క్లౌడు కంపెనీ దగ్గర అద్దెకు పెట్టుకున్నారు. రద్దీ పెరిగితే నాలుగు సర్వర్లు వాటంతటవే పన్నెండవుతాయి, రద్దీ తగ్గితే మళ్లీ నాలుగవుతాయి. పుట్టిన ప్రతి సర్వరుకీ కంపెనీ వాడు అంకెలతో ఒక అడ్రసు ఇస్తాడు. ఆ అడ్రసు అనుమతి జాబితాలో ఉంటేనే డేటాబేసు తలుపు తీస్తుంది, లేకపోతే నువ్వెవరంటుంది. ఆ జాబితాలో అడ్రసులు ఎక్కించడం జోజిబాబు పని.

జూలైలో పిన్ని కూతురి పెళ్లి విందులో కూర్చున్నాడు. విస్తరి ముందు నుంచి లేచి చేయి కడుక్కునేలోపల రెండు కొత్త సర్వర్లు పుట్టాయి. వాటి అడ్రసులు ఎక్కించే నాథుడు లేడు. పదకొండు నిమిషాల పాటు, వాటి వంతుకి పడిన నర్సమ్మలందరికీ ఖాళీ తెరే కనిపించింది. అందులో ఒకావిడ ముందు నాటు వేస్తూ కాటు తిన్న కూలి మనిషి ఉంది. ఆ నర్సమ్మ దేవుడి మీద భారం వేసి ఒక ఆసుపత్రికి పంపింది. అక్కడ మందుంది, ఆ మనిషి బతికింది. అది తమ గొప్పేమీ కాదని జోజిబాబుకి తెలుసు. ఆ రోజు నుంచి అతనికి అన్నం సయించలేదు.

వారం తిరిగేసరికి ఒక ప్రోగ్రాము రాశాడు. సర్వరు పుట్టీ పుట్టగానే దాని అడ్రసు దానంతటదే జాబితాకెక్కుతుంది. మనిషి లేడు, పెళ్లి భోజనం బెడద లేదు. మేనేజరు అందరి ముందూ భుజం తట్టి, మాణిక్యాంబగారు వచ్చి సంతకం పెట్టేదాకా దీన్ని పరీక్ష మీద నడపమన్నాడు. ఆవిడ అప్పటికి మోకాలి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నారు. ఆరు వారాల తర్వాత చేతికర్ర పట్టుకుని వచ్చారు. ప్రోగ్రాము రెండుసార్లు చదివారు, కాగితం పక్కన పెట్టారు, సంతకం పెట్టలేదు.

జోజిబాబు ఒక రోజు చూశాడు, రెండు రోజులు చూశాడు. మూడో రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"మేడమ్, ఆరు వారాల్లో ఒక్క సర్వరు కూడా తలుపు దగ్గర ఆగిపోలేదు. ఇంతకంటే ఏం కావాలండీ?"

"ఇలా కూర్చో," అన్నారావిడ. "నా పేరు మీద, నా సొంత కార్డు మీద ఒక చిన్న సర్వరు అద్దెకు తీసుకో. మన క్లౌడు కంపెనీ దగ్గరే తీసుకో, ఆఫీసు పేరు మాత్రం ఎక్కడా రానీకు."

తీసుకున్నాడు. దానికో అడ్రసు వచ్చింది. మన జాబితాలో ఉందేమో చూడమన్నారు. లేదు. తిరిగి ఇచ్చేసి ఇంకోటి తీసుకోమన్నారు. అదీ లేదు. మళ్లీ ఇచ్చేశాడు, మళ్లీ తీసుకున్నాడు. మోకాలికి ఇచ్చిన మత్తు ఇంకా దిగలేదేమో అనుకున్నాడు గానీ, పైకి అనే ధైర్యం ఎవరికుంది? ఏడోసారికి విసుగొచ్చింది. పదిహేనోసారికి మాత్రం ఒక సంగతి అతని కంటబడింది. వస్తున్న అడ్రసుల్లో సగానికి సగం తమ సర్వర్ల అడ్రసుల్లాగే మొదలవుతున్నాయి, చివరి అంకెలే వేరు. అక్కణ్ణించి విసుగు పోయింది. గాలం వేసినవాడికి బెండు కదిలినట్టయింది. వెన్ను నిటారుగా పెట్టి, ఆవిడ చెప్పకముందే ఇచ్చేయడం, తీసుకోవడం మొదలుపెట్టాడు. టీ వచ్చి చల్లారిపోయింది.

ముప్పై ఎనిమిదో అడ్రసు జాబితాలో ఉంది.

రెండుసార్లు అంకె అంకె పోల్చి చూసుకున్నాడు. ఆగస్టు తొమ్మిదిన వానకు పుట్టి, నలభై నిమిషాలు పనిచేసి పోయిన సర్వరుది ఆ అడ్రసు. "ఇది మనదండీ," అన్నాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు. మనదెలా అవుతుంది? రద్దీ తగ్గాక సర్వరును తిరిగి ఇచ్చేశాం. దాంతోపాటు అడ్రసూ కంపెనీ వాడి చేతికి పోయింది. సిమ్ కార్డు పారేస్తే కొన్నాళ్లకు ఆ నంబరు ఎవరికో ఇచ్చినట్టు, వాడు దాన్ని ఇంకొకరికి ఇస్తాడు. ఇవాళ ఆ ఇంకొకరు మాణిక్యాంబగారయ్యారు.

"దాన్నుంచి మన డేటాబేసు తలుపు తట్టు," అన్నారావిడ.

"తట్టినా లోపలికి పోలేమండీ. పాస్‌వర్డుంది."

"అది ఎంతమందికి తెలుసు?"

జోజిబాబు వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. పాస్‌వర్డు సంస్థ పెట్టిన నాటిది, ఇంతవరకూ ఎవరూ మార్చలేదు. ఇప్పుడున్నవాళ్లు నలుగురు. మానేసి వెళ్లినవాళ్లు ముగ్గురు, నలుగురు, అయిదుగురు. వాళ్లలో ఒకడు మేనేజరుతో పెద్ద గొడవ పెట్టుకుని, మీ అంతు చూస్తానని మరీ వెళ్లాడు. ఆ వేలు మడిచాక ఇక లెక్కపెట్టబుద్ధి కాలేదు. తలుపు తట్టాడు.

తలుపు తెరుచుకుంది.

ఆ డేటాబేసులో ఒక ఉత్తుత్తి ఆసుపత్రి ఉంది. కొత్త నర్సమ్మలకు నేర్పడం కోసం పెట్టింది, అందులో మందు ఎప్పుడూ సున్నా సీసాలే. మాణిక్యాంబగారు దాన్ని వేలితో చూపించారు. జోజిబాబు ఆ పరాయి సర్వరు నుంచి సున్నా కొట్టేసి నలభై అని రాశాడు. గోడ మీద పెద్ద తెర ఉంటుంది, నర్సమ్మలకు ఏం కనిపిస్తుందో అదే అందులోనూ కనిపిస్తుంది. మరుక్షణం దాని మీద నలభై వచ్చింది. గదిలో మిగతా వాళ్లు ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు, ఒక్కరూ తలెత్తలేదు. ముంజేతి కంకణానికి అద్దమెందుకు? జోజిబాబు గబగబా మళ్లీ సున్నా పెట్టేశాడు.

ఆ సర్వరును వదిలించుకుందామని చేయి చాపి, సగంలో ఆగిపోయాడు. ఇచ్చేస్తే ఈ అడ్రసు ఎవరికి పోతుందో ఎవరికి తెలుసు? ఇదొక్కటేనా? జాబితా మొదటి నుంచి చివరిదాకా లెక్కపెట్టాడు. మూడు వందల ఇరవై ఆరు అడ్రసులున్నాయి. ఈ పూట నడుస్తున్న సర్వర్లు తొమ్మిది. తన ప్రోగ్రాము రోజుకు ఏడెనిమిది చొప్పున, అలసట లేకుండా, తప్పు పోకుండా ఎక్కించుకుంటూ పోయింది. తీసేయమని దానికి తను చెప్పనే లేదు.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. ఉప్పులంక ఆరోగ్య కేంద్రం నుంచి శకుంతలమ్మ. పదిహేనేళ్లుగా అక్కడ నర్సు, గాబరా అంటే ఎరగని మనిషి.

"జోజిబాబుగారూ, తాచు కాటండీ. పాతికేళ్ల మనిషి, అప్పుడే రెప్పలు వాలిపోతున్నాయి. మా దగ్గర మందు నిండుకుంది. పెదతిప్ప ఆసుపత్రిలో పది సీసాలున్నట్టు చూపిస్తోంది మీ తెర. అది పావుగంట. టౌను పెద్దాసుపత్రి అయితే గంట. మీ లెక్క నమ్మొచ్చా?"

ఆవిడ ప్రతిసారీ అడిగే ప్రశ్నే అది. ప్రతిసారీ, ఆవిడ మాట పూర్తయ్యేలోపలే, కళ్లు మూసుకుని పంపించండమ్మా అనేవాడు. ఇవాళ ఆ మాట నోట్లోంచి రాలేదు. పదో, సున్నానో, ఎవరు రాశారో, ఎక్కణ్ణించి రాశారో తనేం చెప్పగలడు? సున్నా అయితే పావుగంట వెళ్లి, మళ్లీ గంట వెనక్కి ప్రయాణం. అంతసేపు ఆ మనిషికి ఊపిరి నిలవదు.

"హలో, ఉన్నారాండీ?" అంది శకుంతలమ్మ.

జోజిబాబు మాణిక్యాంబగారి వంక చూశాడు. ఆవిడ బల్ల మీదున్న రెండో ఫోను అతని ముందుకి జరిపారు.

"పెదతిప్ప వైపే బండి ఎక్కించండమ్మా. వంతెన దగ్గర టౌను దారి చీలుతుంది కదా, అక్కడికి చేరేలోపల ఖాయంగా చెబుతాను," అన్నాడు శకుంతలమ్మతో. రెండో ఫోనులో పెదతిప్ప ఆసుపత్రి మందుల గది పట్టుకున్నాడు. సీసాలెన్నున్నాయో చూసి చెప్పమన్నాడు.

"మీ తెర మీద ఉందిగా, పది," అన్నాడు అక్కడి ఫార్మసిస్టు.

"తెర సంగతి వదిలేయండి. ఫ్రిజ్ తలుపు తీసి, చేత్తో లెక్కపెట్టండి. నేను లైన్లోనే ఉంటాను."

అతను సణుక్కుంటూ వెళ్లాడు. గోడ గడియారంలో రెండు నిమిషాలు గడిచాయి. ఆ రెండు నిమిషాలూ తనవి కావని, బండిలో రెప్పలు వాలిపోతున్న ఆ మనిషివని జోజిబాబుకి తెలుసు. లెక్కపెడుతున్న చప్పుడు ఫోనులో వినిపిస్తోంది. ఎనిమిది, తొమ్మిది, పది. బండి వంతెన చేరకముందే శకుంతలమ్మకి కబురందింది. సాయంత్రం వేళకి ఆ మనిషి రెప్పలెత్తి మంచినీళ్లడిగాడని పెదతిప్ప నుంచి ఫోనొచ్చింది.

ఈ లోపల జోజిబాబు భోజనానికి లేవలేదు. ముందు పాస్‌వర్డు మార్పించాడు. ఆ తర్వాత జాబితా శుభ్రం చేయబోయాడు. పొద్దుట్నించీ ఉలుకూ పలుకూ లేని అడ్రసులన్నీ కొట్టేద్దామని మొదలుపెట్టి, మూడో దాని దగ్గర ఉలిక్కిపడి ఆగాడు. అది చచ్చిన సర్వరుది కాదు. ఎవరూ అడగక ఊరికే కూర్చున్నది. కొట్టేసి ఉంటే, దాని వంతుకి పడిన నర్సమ్మకి మళ్లీ ఖాళీ తెరే గతి. పెళ్లినాటి పదకొండు నిమిషాలు కళ్ల ముందు తిరిగాయి.

"ఉన్నదేదో, పోయిందేదో ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు దిక్కుతోచక.

"పుట్టించినవాణ్ణి అడగరాదూ," అన్నారు మాణిక్యాంబగారు, మోకాలు రుద్దుకుంటూ.

నిజమే. సర్వర్లను పుట్టించేదీ, తీసేసేదీ క్లౌడే. ఈ క్షణాన ఎన్ని ఉన్నాయో, వాటి అడ్రసులేమిటో దాని దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఇన్నాళ్లూ జోజిబాబు దాని మాట సగమే విన్నాడు. పుట్టిందంటే విన్నాడు, పోయిందంటే చెవిన పెట్టలేదు. పాత ప్రోగ్రాము పక్కన పడేసి కొత్తగా రాశాడు. ఒకటి పుట్టినా ఒకటి పోయినా, ఉన్నవాటి పట్టీ క్లౌడును అడిగి తెచ్చుకుని, దాన్ని చూసి జాబితా మొత్తం మళ్లీ రాయాలి. పట్టీ ఖాళీగా వస్తే నమ్మి అందరినీ గెంటేయకూడదు, జాబితా ముట్టుకోకుండా మనిషిని పిలవాలి. సర్వరును తిరిగి ఇచ్చేముందు, దాని అడ్రసు జాబితాలోంచి తీసేయాలి. తీసేశాకే ఇవ్వాలి. ఈ ముందూ వెనకల దగ్గరే అతనికి గంటన్నర పట్టింది.

నాలుగింటికి దాన్ని నడిపించాడు. మూడు వందల ఇరవై ఆరు కాస్తా తొమ్మిదయ్యాయి. వాన వెలిసింది, అయిదయ్యాయి. మళ్లీ మబ్బు పట్టింది, అయిదు పదకొండయ్యాయి. ఎవరి చేయీ పడకుండా జాబితా పెరుగుతూ తరుగుతూ ఉంటే, జోజిబాబు పసిపిల్లాడిలా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అప్పటికి గుర్తొచ్చి, పొద్దుట మేడమ్ పేరు మీద తీసుకున్న సర్వరును కూడా తిరిగి ఇచ్చేశాడు. ఈసారి వేలు ఆగలేదు.

ఆ తర్వాత కాగితం, కలం పట్టుకుని మాణిక్యాంబగారి బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఇప్పుడు సరిపోయిందాండీ మేడమ్?"

ఆవిడ కలం అందుకున్నారు. మూత తీశారు. కాసేపు అతని మొహంలోకి చూసి, మూత మళ్లీ పెట్టేశారు.

"నన్నడుగుతావేం? శకుంతలమ్మ రేపో మాపో మళ్లీ ఫోను చేస్తుంది. ఆవిడకి జవాబు చెప్పడానికి నీకెంతసేపు పడుతుందో చూసి, అప్పుడు పెడతాను."