పల్లకిలో పట్టే యుద్ధం

వీరకంప మహారాజుకి యుద్ధపు ఆటంటే ఎంత పిచ్చో చెప్పలేనండీ! సభామండపం నేలంతా గళ్లు, వాటి నిండా మూడువందల అరవై కొయ్యబొమ్మలు. పల్లకిలో వెళ్లేటప్పుడు కూడా ఆడుకోవాలని ఆయనకి బుద్ధి పుట్టింది. బొమ్మలు చెక్కే గవరయ్యని పిలిపించి, "ఈ ఆటంతా నా ఒళ్లో పట్టే పలక మీదికి దించు. ఒక్కో బొమ్మ తగ్గితే నీ వేలొకటి తెగుతుంది" అన్నాడు.

గవరయ్య తన వేళ్లకేసి చూసుకున్నాడు. వేళ్లు పోతే ఉలి పట్టేదెలా, ఇల్లు గడిచేదెలా? "కొన్ని తగ్గిస్తేనే ఆట సాగుతుంది ప్రభూ" అని గొణిగాడు. రాజు తన కత్తివైపు చూశాడు. అంతే, గవరయ్య దణ్ణం పెట్టి పనికి బయల్దేరాడు.

నెల తిరిగేసరికి ఆవగింజలంత బొమ్మలతో పలక తెచ్చాడు. రాజు లెక్కపెట్టించాడు. ఒక్కటీ తగ్గలేదు. సంబరంగా ఒక బంటుని జరపబోతే, ఆయన బొటనవేలు తగిలి పది బంట్లు దొర్లాయి, సొంత రాజుబొమ్మ కూడా బోర్లాపడింది.

"ఇదేం పనిరా? ఇప్పుడే సరిచెయ్యి!" అని రాజు గర్జించాడు.

గవరయ్య సంచిలోంచి ఉలి తీశాడు. "చిత్తం ప్రభూ. బొమ్మల్ని తగ్గించొద్దన్నారు. ఇంతకన్నా సన్నగా చెక్కితే కంటికి ఆనవు. ఇక చెక్కడానికి మిగిలింది... తమరి వేలే."

భటులు కత్తులు దూశారు. రాజు మాత్రం ఉలినీ, తన బొటనవేలినీ మార్చి మార్చి చూసి, చెయ్యి గబుక్కున శాలువాలో దాచేశాడు.

"ఒరే గవరయ్యా," అన్నాడు మెల్లగా, "ఆటకి పన్నెండు బొమ్మలు చాలవంటావా?"