జెండా మాసిపోనాది

రాజుగారి జెండాను కిందికి దించాలంటే ఎంత సైన్యం కావాలి? ఏనుగులూ గుర్రాలూ లెక్కపెడుతున్నారా? ఆపండి. కోటరేవులో ఒక్క ముసలామె దించేసింది. చేతిలో కత్తి లేదు. నెత్తి మీద బట్టలుతికే చౌడుమన్ను మూట ఉంది, అంతే.

సముద్రం కోట మెట్ల దాకా వచ్చి పలకరించి పోయే రోజులవి. ఓడలు గాలిని నమ్ముకుని తిరిగే రోజులవి. కింద రేవు, రేవు పక్కన ఉప్పుమళ్ళు, పైన గుట్ట మీద కోట. కోటలో సిపాయిలు. వాళ్ళ మాసిన బట్టలు ఉతికేది అసిరమ్మ.

కోట మీద తెల్లజెండా ఎగిరితే పడవలు రేవులోకి రావచ్చు. రాజుగారి సింహం బొమ్మ ఉన్న ఎర్రజెండా ఎగిరితే రాకూడదు. వస్తే ఫిరంగి పేలుతుంది. అదీ కట్టుబాటు.

ఒక ఏడు పొరుగురాజు ఓడలు దండెత్తి వస్తున్నాయని పుకారు పుట్టింది. ఎర్రజెండా ఎక్కింది. ఓడలు రాలేదు, జెండా దిగలేదు. ఒకనాటి మధ్యాహ్నం ఊరి పడవలే తిరిగొచ్చాయి. జెండా చూసి అలల అవతలే ఆగిపోయాయి. గాలి తిరిగింది. తూర్పున నల్లగా కమ్ముకొచ్చింది. ఆ పడవల్లోనే అసిరమ్మ కూతురు గవిరి ఉంది. పురిటికి పుట్టింటికొస్తోంది.

అసిరమ్మ గుట్టెక్కింది. కోటను ఏలే కిల్లేదారు ముందు నిలబడింది.

"బాబూ, అవి మన పడవలే. జెండా దించీండి."

"రాజుగారి ఆజ్ఞ. దించను."

గుట్ట దిగింది. అలలు లేచాయి. మళ్ళీ గుట్టెక్కింది.

"బాబూ, మా గవిరుందందులో. నిండు నెల్లు. జెండా దించీండి."

"రాజుగారి ఆజ్ఞ అన్నానా? జెండా దిగితే దాని వెనకే నా తలా దిగుతుంది."

ఫిరంగి కాల్చే దాలయ్య నేల చూపులు చూశాడు. అతని తమ్ముడూ ఆ పడవల్లోనే ఉన్నాడు.

గుట్ట దిగింది. కళ్ళముందే ఒక పడవ తెరచాప చిరిగింది. అసిరమ్మ ఏడవలేదు. తల పైకెత్తి జెండా వంక చూసింది. చాలాసేపు చూసింది. చౌడు మూట నెత్తినెట్టుకుని మూడోసారి గుట్టెక్కింది.

"మళ్ళీ తయారయ్యావా?" అన్నాడు కిల్లేదారు.

"జెండా దించమని రాలేదు బాబూ. జెండా మాసిపోనాది."

"ఏమిటీ?"

"మాసిపోనాది బాబూ. రాజుగోరి సింహం మూతి మీద కాకి రెట్టేసినాది. ఊరంతా సూత్తంది, తమరే సూడనేదు."

కిల్లేదారు తలెత్తాడు. నిజమే.

"మీసం మీద కూడా పడింది దొరా," అన్నాడు దాలయ్య నెమ్మదిగా.

కిల్లేదారు గొంతు సవరించుకున్నాడు. జెండా దించకూడదని ఆజ్ఞ ఉంది. ఉతకకూడదని లేదు.

"ఉతికి వెంటనే కట్టు."

జెండా దిగింది. అసిరమ్మ చౌడు పట్టించింది, నానబెట్టింది, బండకేసి బాదింది. ఏ పెళ్ళికూతురి చీరనీ అంత శ్రద్ధగా ఉతికి ఉండదు. ఈలోగా జెండా తాడు ఊరికే ఉందిగా, దాని మీద ఇంకో బట్ట ఆరేసింది. అది గాల్లో తెల్లగా ఎగిరింది. పడవలు చూశాయి. ఒకటి, దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి, రేవులోకి దూరాయి.

కిల్లేదారు ఊగిపోతూ వచ్చాడు. "తెల్లజెండా ఎవరెగరెయ్యమన్నారే?"

"జెండా కాదు బాబూ. తమరి పంచె. గాలి బాగుంది కదాని ఆరేసినాను."

దాలయ్య ఫిరంగి వెనక్కి పోయి నోట్లో తలపాగా కుక్కుకున్నాడు.

కిల్లేదారు పంచెను చూశాడు. పడవల్ని చూశాడు. తన పంచె కోట మీద ఎగిరిందని రాజుగారితో ఏ ముఖం పెట్టుకుని చెప్తాడు?

"మరి ఎర్రది ఎప్పుడారుతుంది?"

"మబ్బట్టీసింది కదా. ఆకరి పడవ సేరేదాకా ఆరదు బాబూ."

కిల్లేదారు అలల మీద ఇంకా ఊగుతున్న ఆఖరి పడవ వంక చూశాడు. తర్వాత, "సరే, ఇంకోసారి ఉతుకు," అన్నాడు.

ఆ రాత్రే గవిరికి ఆడపిల్ల పుట్టింది. అసిరమ్మ మనవరాలి చేత గుడ్డలు ఉతికించేదాకా బతికి, హాయిగా పోయింది. ఇప్పుడు ఆ ఫిరంగిని రేవులోకి దించి దానికి పడవల తాళ్ళు కడుతున్నారు. గాలి తిరిగిందంటే చాలు, కోటరేవు ఆడవాళ్ళు గుట్టెక్కి జెండా కొయ్యకు ఉతికిన పంచె కడతారు. కొత్తవాళ్ళెవరు రేవులో దిగినా ముందు "రండి" అంటారు, ఊరూ పేరూ తర్వాత అడుగుతారు. పెద్దమనిషెవరైనా పనికిమాలిన కట్టుబాటు పట్టుకు వేలాడితే, "మాసిపోనాది బాబూ" అంటారు.

ఎవరినో గుమ్మం బయటే నిలబెట్టే కట్టుబాటు మీ ఇంట్లోనూ ఒకటుంటుంది. వెతకండి. దొరికితే దించండి, బండకేసి బాదండి. వాళ్ళు లోపలికొచ్చేదాకా ఆరనివ్వకండి.