అరణి కోరిన మరపు

పూర్వం, త్రేతాయుగం కడపటి రోజుల్లో, శుక్తిమతీ నదీతీర దేశాన్ని ఉగ్రధ్వజుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయన మహాశూరుడు, యజ్ఞదీక్షాపరుడు, పొగడ్తకు మాత్రం లొంగిపోయేవాడు. ఒకప్పుడు వానలు ముఖం చాటేసి, పొలాలు బీటలువారి, జనం ఆకులు అలములు తింటున్న కాలంలో, ఆ రాజు దేశంలోని ధాన్యమంతా అశ్వమేధ సంతర్పణ కోసమని గాదెలకెక్కించి ముద్రలు వేయించాడు. గాదెలు నిండాయి, ఇళ్ళు ఖాళీ అయ్యాయి. పసివాళ్ళు, పడుచువాళ్ళు ముందుగా రాలిపోయారు. వందిమాగధులేమో, "ఉగ్రధ్వజ మహారాజు ఏలుబడిలో అకాలమరణమన్న మాటే లేదు" అని పాడారు. రాజు ఆ పాటకు మురిసి దానినే శాసనం చేశాడు. అకాలమరణమే లేనప్పుడు చిన్నవాళ్ళకు తర్పణాలెందుకు? పోయిన బిడ్డ పేరు పలికి ఎవరైనా నీళ్ళు వదిలితే, వదిలిన చెయ్యి నరికించేవాడు.

ఆ దేశంలోనే చిరశ్రవుడనే ముని, పురాణాలు రచించే పుణ్యాత్ముడు, భార్య అరణితో కాపురముండేవాడు. ఆమెకు అక్షరాలు రావు. ఉపనయనమైన ఏడాదే వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు నందకుడు ఆకలిజ్వరంతో కన్నుమూశాడు. తండ్రి నీళ్ళు వదలలేకపోయాడు. నది ఒడ్డున రాజభటులు కూర్చుని ఉన్నారు.

ఇంట్లో ఏడిస్తే పొరుగువారు వింటారని, ఆ ఊరి తల్లులు బిందెలు తీసుకుని, నీళ్ళు రాళ్ళమీంచి దూకే ఏటి జారుకు వెళ్ళి, నీటిహోరు చాటున బిడ్డల పేర్లు చెప్పుకొని ఏడ్చేవారు. అరణి కూడా అక్కడే ఏడ్చింది, అక్కడే విన్నది. పొయ్యి దగ్గర కూర్చుని, ఏ బిడ్డ ఎలా పోయిందో, పోయేముందు ఏం అడిగిందో అన్నీ భర్తకు చెప్పింది. ఆయన తాళపత్రాల మీద గంటంతో చెక్కుతూ పోయాడు. ఆ విధంగా ఒక పురాణం పుట్టి, ఇల్లిల్లూ తిరిగి, చివరకు రాజసభకు చేరింది.

చిరశ్రవుణ్ణి సంకెళ్ళతో సభకు తెచ్చారు. ఆడవాళ్ళు నిలబడే చోట, ఒక స్తంభాన్ని ఆనుకొని అరణి చూస్తున్నది. నీతివిశారదుడైన మంత్రి సునీథుడు లేచి, ఎంతో మర్యాదగా చేతులు జోడించాడు.

"మునీంద్రా! ప్రతి పురాణమూ తనను ఎవరు ఎవరికి చెప్పారో ముందుగా చెప్పుకొంటుంది. అది ఋషులు పెట్టిన మర్యాద. తమ గ్రంథానికి ఆ తలే లేదు. ఎవరు చెప్పగా విన్నారు?"

"తల పెడితే తమరు నరికేస్తారని, లేకుండానే రాశాను మంత్రీ."

సభలో ఎవరో నవ్వి, నవ్వును దగ్గుగా మార్చుకున్నారు. సునీథుడు కూడా నవ్వాడు.

"విన్నచోటు చెప్పని కథ అబద్ధమవుతుంది స్వామీ. చెప్పారా, ఇదంతా సత్యమని మహారాజు ఒప్పుకుంటారు. పోయినవాళ్ళందరికీ నీళ్ళు దక్కుతాయి. మీ నందకుడికి కూడా."

కొడుకు పేరు వినగానే ముని చూపు స్తంభం వైపు రాబోయి ఆగిపోవడం అరణి చూసింది.

"బతికున్నవాళ్ళను మీకు పట్టిచ్చిన నోటితో, నా బిడ్డ పేరు ఎలా పలకను?" అన్నాడు ఆయన.

"ఏ గురువయ్యా నీకిది చెప్పింది? ఏ ఆశ్రమం?" అని రాజు సింహాసనం మీది నుంచి గర్జించాడు.

పురాణమంటే గురుముఖంగానే వింటారన్నది వాళ్ళెరిగిన సంగతి. అందుకని భటులు ఆశ్రమాలన్నీ గాలించి తపస్వులను కొట్టి అడిగారు. నీళ్ళ బిందెలతో ఎదురొచ్చిన ఆడవాళ్ళకు మాత్రం పక్కకు తప్పుకొని దారి ఇచ్చారు.

ముని పెదవి విప్పకపోయేసరికి, అతణ్ణి నిద్రపోనివ్వవద్దని రాజాజ్ఞ అయింది. రెప్ప వాలినప్పుడల్లా చెవి దగ్గర భేరి మోగించారు. అన్నం తెచ్చిన అరణిని కారాగారం వాకిట్లో ఆపి, కంకుడనే కావలివాడు గొంతు తగ్గించి అన్నాడు:

"అమ్మా, ఆయన గట్టివాడే. కానీ నిద్దరలేని మనిషికి నాలుక తనది కాదు. ఇవాళ 'నాకు చెప్పింది' అని మొదలుపెట్టి, పెదవి కొరుక్కొని ఆగాడు. నెత్తురు కారింది. ఇంకెంతో కాలం ఆగలేడమ్మా."

అరణి తిరిగి ఏటి దగ్గరకు వచ్చేసరికి తల్లులందరూ ఆమె ముఖం వైపే చూశారు. కుముదిని అనే ఆమె దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏం వదినా, మీ ఆయన చెప్పేస్తాడా? పెద్దవాడు పోయాడు, సరే. నా రెండోవాడు ఇంకా బతికున్నాడు వదినా."

అరణి ఆమె బిందె నింపి నెత్తికెత్తింది. వాళ్ళందరూ వెళ్ళాక మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, భర్త నిత్యం కొలిచే వాగ్దేవిని తలచుకొని, తెల్లవారేదాకా అలాగే ఉండిపోయింది. వేకువ వెలుగులో శ్వేతవసన, హంసవాహన, సర్వవిద్యాస్వరూపిణి అయిన ఆ తల్లి నీటిమీద సాక్షాత్కరించింది.

"వరం కోరుకో అరణీ. చెరసాల తలుపులు తెరిపించనా?"

"తలుపులు తెరిస్తే మళ్ళీ పట్టుకుంటారు తల్లీ. ఆయన మనసులోంచి మా పేర్లు తీసెయ్యి. ఈ కథ ఎవరు చెప్పారో ఆయన మరచిపోవాలి."

దేవి ముఖంలో జాలి కదిలింది. "అందరికంటే ముందు చెప్పినదానవు నువ్వే. నిన్ను తీసేస్తే, నీతో ముడిపడినవన్నీ పోతాయి. నీతో కలిసి నడిచిన ఏడడుగులూ, నీ కడుపున పుట్టిన నందకుడూ ఆయనకు ఉండరు. ఒకసారి ఇచ్చాక నేను కూడా తిరిగి అతకలేను."

అరణి నీళ్ళకేసి చూసింది. తండ్రి మరచిపోతే ఆ పిల్లవాడికి నీళ్ళిచ్చేదెవరు? కానీ కుముదిని రెండోవాడు ఇంకా బతికున్నాడు.

"ఆయన మరచినా, నేను మరవను కదా తల్లీ" అంది.

"తథాస్తు" అని దేవి అంతర్ధానమైంది.

ఆనాటి నుంచి చిరశ్రవుడు కలవరించినా ఏ పేరూ రాలేదు. ఆఖరికి ఇది నటనేమోనని సునీథునికి అనుమానం కలిగి, అరణిని తెచ్చి ఆయన ఎదుట నిలబెట్టాడు.

"ఈమె ఎవరు?"

ముని ఎర్రబడిన కళ్ళతో ఆమెను పరకాయించి చూశాడు. "ఎవరమ్మా నువ్వు? ఈ దుర్మార్గుల మధ్యకు నిన్నెందుకు తెచ్చారు తల్లీ?"

తల్లీ అన్న ఆ పిలుపులో నటన లేదని మంత్రికి కూడా తెలిసింది. కట్టుకున్నదాన్నే ఎరగనివాణ్ణి ఇంకేమడగాలి? అరణి ఏడవకుండా నిలబడింది. ఏడ్చి ఉంటే అంతా బయటపడేది.

ఇంతలో ఆకలిజ్వరం కోటగోడలు దాటి అంతఃపురంలోకి ప్రవేశించింది. యువరాజు మరణించాడు. ఉగ్రధ్వజుడు గుండెలు బాదుకొని, కొడుకు పేరు పలుకుతూ నదిలో దిగి దోసిట నీళ్ళు పట్టాడు. అప్పుడు దండధరుడు, సమవర్తి, వైవస్వతుడైన యమధర్మరాజు ఎదుట నిలిచి అడిగాడు:

"రాజా, నీ రాజ్యంలో అకాలమరణాలు లేవు కదా. ఈ నీళ్ళెవరికి?"

రాజు దోసిట్లో నీళ్ళు జారిపోయాయి. తడిబట్టలతో ఒడ్డున కూలబడి, ఆ క్షణమే శాసనాన్ని తుడిపించి, గాదెలు తెరిపించి, చెరసాలలో ఉన్నవారినందరినీ విడిపించాడు. దేశమంతా ఏటి ఒడ్డుకు కదలివచ్చింది. ఇంట్లో నీళ్ళు వదిలే మగదిక్కు లేని తల్లుల కోసం, చిరశ్రవుడే నడుముదాకా నీళ్ళలో నిలిచి, వాళ్ళు చెప్పిన పేరూ గోత్రమూ పలుకుతూ తర్పణాలు వదలసాగాడు. అరణి వంతు వచ్చింది.

"నీకెవరు పోయారు తల్లీ?"

"నా కొడుకు స్వామీ. నందకుడు."

"గోత్రం?"

"భారద్వాజ."

"మా గోత్రమే!" అన్నాడు ఆయన, ఆప్యాయంగా. "అయితే నాకూ బిడ్డవంటివాడే."

నువ్వులు కలిపిన నీళ్ళు దోసిట పట్టి, ఆ పేరు నిండుగా పలికి, ముమ్మారు వదిలాడు. నీళ్ళు పడినచోట సుళ్ళు విచ్చుకొని చదునైపోయేదాకా అరణి చూస్తూ ఉంది.

"ఇంకెవరైనా ఉన్నారా తల్లీ?"

"లేరు స్వామీ" అని ఆమె పక్కకు జరిగి, వెనక నిలబడిన కుముదినికి చోటిచ్చింది.

ఈ కథ విన్నవారు తమ ఇంట పోయినవారిని భయం లేకుండా పేరుపెట్టి తలచుకొందురుగాక. ఆ పేర్లు వాగ్దేవి వింటుంది.