దీపం ఎక్కిన కొండ

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలెడదామంటే అది ఊరు కాదే తల్లీ, పట్నం. రాజుగారుండే పట్నం. దాని పేరు మొగలికోట. కాళ్ళు ఆడించకు, దుప్పటి జారిపోతోంది. ఇది నవ్వులాట కథ కాదు, ముందే చెబుతున్నా. ఊరుకుని వింటానంటేనే చెబుతా.

ఆ మొగలికోట రాజుగారికి వసంతకాలమంటే మహా ఇష్టం. ఉగాది వచ్చిందంటే తొమ్మిది రోజులపాటు పండగే, వేడుక ఉన్న రోజల్లా పట్నమంతా ఇళ్ళకు తాళాలేసి బయటికి రావాల్సిందే. మొదటి రోజు మామిడితోపులో ఉయ్యాలలు. అయిదో రోజు ఏటి ఒడ్డున వసంతాలు. ఆఖరి రోజు కొండ మీద దీపాలు. పాటలు పాడేవాళ్ళు, కోలాటం వేసేవాళ్ళు, డప్పులవాళ్ళు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి దిగేవారు.

బాగానే ఉంది కదూ. కానీ ఆ మహానుభావుడు ఒక పిచ్చి కట్టడి పెట్టాడు. ఆ తొమ్మిది రోజులూ పట్నంలో అశుభం మాట వినపడకూడదు, కన్నీటి చుక్క కనపడకూడదు. ఎప్పుడో ఒక ఏడు ఆయన పల్లకీ వెళ్తుంటే ఏ ఇంట్లోంచో ఏడుపు వినబడిందట, ఆ ఏడు వానలు పడలేదట. అంతే, ఏడుపు మీద పడ్డాడు. కట్టడి తప్పినవాళ్ళని కోట తలుపు అవతలికి నెట్టేసేవారు. మళ్ళీ లోపలికి రానిచ్చేవారు కాదు.

జనం అలవాటు పడిపోయారు. మనమూ అంటాం కదా, బియ్యం అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. వాళ్ళకి ఆ తొమ్మిది రోజులూ అన్నిటికీ అలాంటి మాటలే.

ఆ పట్నంలో పూలదండలు కట్టే ఆవిడ ఒకతి ఉండేది. పేరమ్మ. ఆమెకు పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. చెల్లెలు సూరమ్మ ఉండేది, ఆ చెల్లెలికి మాణిక్యం అని అయిదేళ్ళ కూతురు. సూరమ్మ మొగుడు ఆ పిల్ల కడుపులో ఉండగానే పోయాడు. ఆడవాళ్ళు ముగ్గురే ఒక ఇంట్లో, అరటినారా పూలబుట్టలూ పెట్టుకుని బతికేవారు.

ఒక ఏడు ఉగాది ముందర సూరమ్మకు జ్వరం వచ్చింది. పది రోజులు మంచం మీదే ఉంది. ఉగాది నాడు ఇంకా తెల్లవారకుండానే ఆమె ప్రాణం పోయింది.

పేరమ్మ నోట్లో చీరకొంగు కుక్కుకుంది. వీధిలో భటులు తోరణాలు కడుతున్నారు మరి. అప్పుడు ఏం చేసిందంటే, రోజూ పూలు తెచ్చే బండిలో చెల్లెల్ని పడుకోబెట్టి, పైన ఖాళీ గోనెలు కప్పి, కోట తలుపు దాటించింది. రోజూ తనకు పూలిచ్చే తోటమాలి ఒకడు ఆ బయటి బాట పక్కన గుడిసెలో ఉండేవాడు, అతని సాయంతో ఏటి పక్కన అంత్యక్రియలు జరిపించింది. ఆ తర్వాత అదే బండిలో మల్లెపూలు వేసుకుని తిరిగి వచ్చింది. రాజుగారి ఉయ్యాలకు మూడు వందల మూరల దండ కావాలి, పొద్దెక్కేసరికి.

ఇంటికొచ్చేసరికి మాణిక్యం లేచి గుమ్మంలో కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, అమ్మేదీ?" అంది.

గుమ్మం పైన మామిడాకులు కడుతూ భటుడొకడు నిచ్చెన మీద ఉన్నాడు. పేరమ్మ అతనికేసి ఓసారి చూసింది. "మీ అమ్మ దీపం కొండెక్కిందే తల్లీ" అంది.

పెద్దవాళ్ళకైతే అర్థమయ్యేదే. నిచ్చెన మీది భటుడికి అర్థమైంది, కిందికి చూడకుండా ఆకులు కడుతూనే ఉన్నాడు. అయిదేళ్ళ పిల్లకి ఎలా అర్థమవుతుంది చెప్పు. అది వీధిలోకి వెళ్ళి, మేడల వెనకాల కనబడే కొండకేసి చూసింది.

"ఆ కొండేనా?"

కాదనాలి పేరమ్మ. లోపలికి తీసుకెళ్ళి తలుపేసి చెప్పాలి. చెప్పలేదు. భటులంటే భయం కొంత, ఆ మాట తన నోట్లోంచి రావడమంటే భయం ఇంకొంత. "ఆ కొండే" అనేసింది. మనిషి ఎంత పిచ్చిదో చూడు, ఆ క్షణం గడిస్తే చాలనుకుంది.

అప్పుడు ఇద్దరూ దండలు తీసుకుని మామిడితోపుకు వెళ్ళారు. వెళ్ళకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. తోపంతా జనం. ఆకు దొన్నెల్లో ఉగాది పచ్చడి పంచారు. మాణిక్యం తన దొన్నె ముట్టుకోలేదు. ఇంకో ఆకు అడిగి తెచ్చుకుని, దాని మీద కప్పి, ఒళ్ళో పెట్టుకుంది.

"తినవే" అంది పేరమ్మ.

"అమ్మకి. పెద్దమ్మా, అమ్మ ఎప్పుడు దిగుతుంది?"

"దిగుతుందిలే" అంది పేరమ్మ.

పక్కన కూర్చున్న కంసాలి వారి కోడలు "మీ అమ్మ రాలేదేమే?" అని పిల్లని పలకరించింది. "మా అమ్మ దీపం కొండెక్కింది" అని మాణిక్యం గర్వంగా చెప్పింది. ఆ కోడలు పిల్ల ముఖమూ చూడలేదు, పేరమ్మ ముఖమూ చూడలేదు. తన దొన్నె తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు తోపులో ఎంతమంది అడిగారో అంతమందికీ పిల్ల అదే చెప్పింది. అందరూ తల వంచుకుని పక్కకు తప్పుకున్నారు. మరి ఎవరి కొంప వాళ్ళకి ముఖ్యం.

ఆ తర్వాత మూడు రోజులూ ఆ పిల్ల గుమ్మంలోంచి కదల్లేదు. ఏం పెట్టినా రెండు ముద్దలు కతికి, మిగతాది అమ్మకని మూత పెట్టేది. బుగ్గలు లోపలికి పోయాయి. పేరమ్మ దండలు కడుతూ దాన్ని చూసేది, ఇవాళ చెబుదాం అనుకునేది, మళ్ళీ నార అందుకునేది.

అయిదో రోజు ఏటి ఒడ్డున వసంతాలు. పసుపూ సున్నమూ కలిపితే నీళ్ళు ఎర్రగా అవుతాయి చూడు, ఆ నీళ్ళు గంగాళాల నిండా కలిపి చల్లుకుంటారు. మాణిక్యం పరికిణీ కుచ్చెళ్ళు రెండు చేతులా పైకెత్తి పట్టుకుని ఒక వారగా నిలబడింది. అది వాళ్ళమ్మ ఉతికి మడతపెట్టిన పరికిణీ. ఇంతలో ఎవరో కుర్రవాళ్ళు పరుగెత్తుతూ వచ్చి చెంబెడు వసంతం దాని మీద పోసేశారు.

పిల్ల పెదవి వణికింది. కళ్ళు నిండాయి. పక్కనే భటులు కోలాటం చూస్తూ నిలబడ్డారు. పేరమ్మ గబగబా వంగి దాని చెవిలో, "ఏడవకు. నువ్వు ఏడిస్తే అమ్మ దిగదు" అంది.

నేనైతే ఆ పేరమ్మ నెత్తిన ఒక్క మొట్టికాయ వేసేదాన్ని. ఏ మాటైనా అనొచ్చు గానీ ఆ మాట అనకూడదు. అన్నాక తనకే తెలిసింది. పిల్ల గుటక వేసి ఏడుపు మింగేసింది. "ఏడవనులే. అమ్మ ఎప్పుడు దిగుతుంది పెద్దమ్మా?" అంది. పేరమ్మ కొంగుతో దాని ముఖం తుడిచింది. పిల్ల తడి పరికిణీతోనే ఇంటికి నడిచింది.

ఆ రోజు నుంచి మాణిక్యం ఏడవలేదు. కాలికి ముల్లు గుచ్చుకున్నా ఏడవలేదు. అన్నం పూర్తిగా మానేసింది. నిద్రలో కూడా పళ్ళు బిగించి పడుకునేది. పేరమ్మకు ఒకటే భయం పట్టుకుంది, తల్లి వెనకాలే ఇదీ పోతుందని.

తొమ్మిదో రోజు వచ్చింది. ఇంటికొక దీపం చొప్పున పట్నమంతా కొండ ఎక్కాలి. మాణిక్యం అందరికంటే ముందు తయారైంది. తల దువ్వించుకుంది, అమ్మకని దాచినవన్నీ మూట కట్టుకుంది. పాచిపోయాయే అంటే వినలేదు. ఒంట్లో ఓపిక లేదు, మెట్టుమెట్టుకీ కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది. ఎత్తుకుంటానంటే వద్దంది.

పైకి చేరేసరికి పొద్దు వాలింది. గుడి అరుగు నిండా దీపాలు వరసలు వరసలుగా పెట్టారు. మాణిక్యం ప్రతి ఆడమనిషి ముఖమూ చూసుకుంటూ తిరిగింది. వాళ్ళమ్మ కనబడలేదు. అప్పుడు ఒక ముసలావిడని పట్టుకుని, "ఇందులో మా అమ్మ దీపం ఏది?" అని అడిగింది.

ఆవిడ జాలిపడి, చివరి వరసలో ఉన్న చిన్న ప్రమిద చూపించి, "అదేనమ్మా" అంది. జాలిపడేవాళ్ళంతా మంచి చేస్తారని ఏమీ లేదు.

మాణిక్యం వెళ్ళి ఆ ప్రమిద ముందు కూర్చుంది. గాలి తగలకుండా రెండు అరచేతులూ అడ్డం పెట్టింది. పేరమ్మ పక్కన కూర్చుంది.  కొండ మీద గాలి మాట వింటుందా. ఒక్క విసురు వచ్చింది, ఆ దీపం పోయింది.

"అయ్యో, దీపం కొండెక్కింది" అంది వెనకాల ఎవరో.

మాణిక్యం ఆ నల్లటి వత్తిని చూసింది. తల ఎత్తి చుట్టూ చూసింది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

"కొండ మీదే ఉన్నాం కదా పెద్దమ్మా. ఇంకే కొండ ఎక్కింది?" అంది.

పేరమ్మ పిల్ల చేతులు రెండూ పట్టుకుంది. అవి చల్లగా ఉన్నాయి.

"ఏ కొండా ఎక్కలేదు తల్లీ. ఆరిపోయింది. మీ అమ్మ చచ్చిపోయింది. ఉగాది నాడే చచ్చిపోయింది. ఇంక దిగదు, రాదు. నేను నీకు అబద్ధం చెప్పాను" అంది.

గుడి అరుగు మీద ఎక్కడి వాళ్ళు అక్కడ ఆగిపోయారు. డప్పులు ఆగాయి. భటుల పెద్ద దగ్గరికొచ్చాడు. చెడ్డవాడేం కాదు. గొంతు తగ్గించి, "పేరమ్మా, డప్పుల మోతలో మాకు సరిగ్గా వినబడలేదు. దీపం సంగతే అన్నానని చెప్పు, ఇంటికెళ్ళు" అన్నాడు.

పేరమ్మకు ఇల్లు గుర్తొచ్చింది. నాలుగు తరాల ఇల్లు. చేతిలో ఉన్న పని గుర్తొచ్చింది, ఆ పట్నంలో తప్ప ఆ దండలు కొనేవాళ్ళు లేరు. ఒక్క మాట వెనక్కి తీసుకుంటే అన్నీ ఉంటాయి. పిల్ల ఆమె నోటికేసే చూస్తోంది, ఏది నమ్మాలో చెప్పమన్నట్టు.

"మా చెల్లెలు చచ్చిపోయింది నాయనా" అంది పేరమ్మ, ఈసారి అందరికీ వినబడేలా.

అంతే. ఇద్దర్నీ అటునుంచి అటే కొండ దింపి, పట్నం పక్కనుంచి నడిపించుకుపోయి, బయట బాట మీద వదిలేశారు. ఇంట్లోంచి ఒక్క చీర కూడా తెచ్చుకోనివ్వలేదు. కోట తలుపులు మూసేశారు.

బాట మీద ఎవరూ లేరు. మాణిక్యం అడిగింది, "ఇక్కడ ఏడవచ్చా?"

"ఏడ్చెయ్ తల్లీ" అంది పేరమ్మ.

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. అమ్మా అని ఏడ్చింది, నేల మీద పడి ఏడ్చింది, పేరమ్మని కొట్టి కొట్టి ఏడ్చింది. పేరమ్మ కొట్టించుకుంది. ఆ తర్వాత పేరమ్మా ఏడ్చింది. చిన్నప్పుడు తను చంకనెత్తుకు తిరిగిన చెల్లెలు మరి, తొమ్మిది రోజులైంది, ఒక్క చుక్క రాల్చలేదు. తోటమాలి గుడిసెలోంచి బయటికొచ్చి చూశాడు. ఏడవనిచ్చాడు, దగ్గరికి రాలేదు.

ఏడ్చి ఏడ్చి పిల్లకి వెక్కిళ్ళు పట్టాయి. వెక్కిళ్ళ మధ్యలో పెద్దమ్మ కొంగు లాగింది.

"పెద్దమ్మా, ఆకలేస్తోంది" అంది.

కథ సాగె కంచికి,
కునుకు వచ్చె మంచానికి.
ఏడుపొస్తే ఏడ్చెయ్ తల్లీ,
ఆకలైతే అడుగు మళ్ళీ.