ముందా, వెనకా

నీటిపిల్లి ఎటు పోయిందో సత్యవేణికి అంతు చిక్కలేదు.

గాయం మాన్పి, మెడకు రేడియో కాలర్ కట్టి కోరింగ దగ్గర వదిలిన, చేపలు పట్టి తినే అడవిపిల్లి అది. దాని జాడ పట్టడానికి ఉత్తర దక్షిణాలుగా సాగే కాలువగట్టు వెంట తిన్నగా, వరసగా వెదురుగడలు పాతి, గడకో యాంటెనా కట్టింది వేణి. ఒక్కో యాంటెనాకు సిగ్నల్ ఎంత తేడాతో అందిందో చూసి దిక్కు చెప్పే ప్రోగ్రాం కూడా తనే రాసింది. పిల్లి ఉన్న దిక్కున తెర మీద గీత ఒక్క శిఖరంగా లేవాలి, కానీ రెండు శిఖరాలు లేచాయి. ఒకటి తూర్పున మడ అడవి వైపు, ఒకటి పడమర రొయ్యల చెరువుల వైపు. చెరువుల దగ్గర కాపలా కుక్కలున్నాయి. అటే వెళ్ళి ఉంటే పిల్లి బతకదు.

పంతంకొద్దీ అదే వరసలో మరికొన్ని యాంటెనాలు కట్టింది. శిఖరాలు సన్నబడ్డాయి. రెండూ అలాగే నిలబడ్డాయి.

ఆమెకు ఈ విద్య నేర్పిన జైనబ్ మేడమ్ గట్టు మీద కూర్చుని పల్లీలు తింటున్నారు.

"నా లెక్కలో తప్పు లేదు మేడమ్," అంది వేణి ఉక్రోషంగా.

"లేదు. ఇలా వచ్చి కూర్చో. కళ్ళు మూసుకో. తల కదపకు."

చిటికె వినిపించింది.

"ముందు," అంది వేణి. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఎవరూ లేరు. మేడమ్ వెనక నిలబడి ఉన్నారు.

మళ్ళీ మూసుకుంది. మళ్ళీ చిటికె.

"వెనక."

మేడమ్ చెయ్యి సరిగ్గా ఆమె ముక్కుకెదురుగా ఉంది.

"ఇంకోసారి వేయండి!" వేణికి రోషం వచ్చింది. ఈసారి మేడమ్ ఆపకుండా చిటికెలు వేశారు.

"వెనకే! ముమ్మాటికీ వెనకే!"

"తల కదపొద్దన్నానా?" అంటూ వెనక నుంచే నవ్వారు మేడమ్.

"లేదే, నేను..." అని ఆగిపోయింది వేణి. ఆమె గడ్డం అప్పటికే కుడిభుజం వైపు తిరిగి ఉంది.

రెండు చెవులూ తడుముకుని, ముందేదో వెనకేదో తెలియకుండా ఒకే గీతలో నిలబడ్డ గడల వైపు చూసింది. తర్వాత చెప్పులు వదిలేసి పరుగెత్తింది. చివరి గడను పెకలించి, వరస తప్పించి, గట్టు దిగువన బురదలో పాతింది. మోకాళ్ళదాకా బురదతో తిరిగొచ్చి, ఆ గడ కొత్త చోటేదో ప్రోగ్రాంలో దిద్దింది.

ఒక శిఖరం కుప్పకూలింది.

"తూర్పు! మేడమ్, తూర్పు! అడవిలోనే ఉంది!" అని అరుస్తూ బురదచేతులతోనే ఆవిడను వాటేసుకుంది. పల్లీలన్నీ గట్టు పాలయ్యాయి.

ఊపిరి కుదుటపడ్డాక వేణి అడిగింది. "ఈ ముక్క ముందే నోటితో చెప్పొచ్చుగా మేడమ్?"

కొంగుకు అంటిన బురద తుడుచుకుంటూ ఆవిడ అన్నారు. "చెబితే వినేదానివి. అంతేగా!"