మూడూళ్ళ అవ్వ గుడిలో నైవేద్యానికి ముందు చెప్పే పేర్లు

నల్లమల అంచున దద్దనాలపల్లె, ఎర్రదిన్నె, కుమ్మరికుంట అనే ఊళ్ళు కలిసే పొలిమేరలో వెలసిన చిన్న గుడి మూడూళ్ళ అవ్వది. దీనికి గోపురం లేదు. లోపల ఉన్నది కళ్ళూ ముక్కూ లేని మందు నూరే రాయి. దానికే పసుపు రాసి చీర చుడతారు.

పూర్వం ఇక్కడ వరుసగా మూడేళ్ళు వానలు పడలేదు. వయసులో ఉన్నవారు రాజుగారి చెరువు పనికి తరలిపోగా ఊళ్ళలో ముసలివారూ, పిల్లలూ, గొర్రెలు కాసేవారూ మిగిలారు. పొలిమేర గుడిసెలో సంకమ్మ అనే మంత్రసాని ఉండేది. మూడూళ్ళలో ఆమె చేతుల్లో పడని బిడ్డ లేడు. ఆమెకు నా అన్నవారు లేనందున ఊరికొక పూట వంతున గంజి పంపేవారు. ఆ సంగతి మూడు ఊళ్ళూ గొప్పగా చెప్పుకొనేవి.

ఆ ఏడు సంకమ్మ కాలు వాచి మంచం పట్టింది. అదే సమయాన దద్దనాలపల్లెకు జ్వరాలు వచ్చాయి. ఎర్రదిన్నెవారు పెట్టి ఉంటారులే అని వారు ఊరుకున్నారు. ఎర్రదిన్నెలో గింజలు అడుగంటాయి. కుమ్మరికుంట చూసుకుంటుందని వారు ధైర్యపడ్డారు. కుమ్మరికుంటకు ఇద్దరి మీదా నమ్మకమే. ఒక్కరూ చెడ్డవారు కారు. అయినా ఆమె పేర ఎక్కడా ఎసరు పెట్టలేదు.

ఒక మధ్యాహ్నం గొర్రెల కాపరి బీరన్న కునుకు తీస్తుండగా మూడూళ్ళూ కొలిచే పొలిమేర తల్లి కలలోకి వచ్చి, "నాలుగు దినాలాయ, ఆకలైతాంది" అన్నది. ఊళ్ళు హడలిపోయాయి. దేవతకు అంటే లేని గింజలూ దొరుకుతాయి కదా! మూడు కుండల పొంగలి వండి, డప్పులతో తెచ్చి తల్లి ముందు పెట్టారు. ఆ మోత వినబడేంత దూరంలోనే సంకమ్మ గుడిసె ఉంది.

మరునాడు తల్లి మళ్ళీ కనిపించి, "పొంగలి నాకెందుకురా? మీ అందరికీ బొడ్డు కోసినదానికి పెట్టినారా?" అని అడిగింది.

బీరన్న పరుగెత్తాడు. సంకమ్మ కళ్ళు తెరిచి, "ఎవురు నాయనా?" అన్నది.

"బీరన్నను, అవ్వా."

"అడ్డం తిరిగి పుట్టినోడివి. మీ యమ్మ గంజి తాగిందా?"

అతడు వట్టి చేతులతో వచ్చాడు. వెనుదిరిగి ఊళ్ళకు పరుగెత్తాడు. కబురు అంది మూడూళ్ళవారూ గంజి తెచ్చారు. ఆమె రెండు గుక్కలు తాగి, పొద్దు వాలేలోగా కన్నుమూసింది.

తల్లి ఎవరినీ శపించలేదు. మూడూళ్ళే సిగ్గుతో కుమిలిపోయాయి. సంకమ్మ మందులు నూరిన రాయిని అక్కడే నిలిపి ఒక కట్టడి చేసుకున్నాయి. నైవేద్యానికి ముందు ఊరికొకరు వచ్చి తమ ముసలివారిని పేరుపేరునా తలచి, "నేను చూసినా, తిన్నారు" అని చెప్పాలి. "చూసి ఉంటారు" అనే మాట ఈ గుడిలో చెల్లదు.

నేడు ఈ ఊళ్ళలో సగం మందికి పైగా అరవై దాటినవారే. ఆశా కార్యకర్త, పింఛను పంచే అమ్మాయి, పాలవ్యాను డ్రైవరు కలిసి ఇల్లిల్లూ తిరిగి, మంగళవారం పేర్లు చెబుతారు. బీపీ చూసే మిషను గుడిలోనే ఉంటుంది. ఒక ముసలి ప్రాణాన్ని కళ్ళారా చూసి వచ్చి మొక్కుకున్నవారి ఇంట రోగం నిలవదని పెద్దల మాట.

మొన్న శ్రావణంలో డ్రైవరు మహబూబ్ బాషా ఒక పేరు దగ్గర ఆగిపోయాడు. "దస్తగిరమ్మను చూడలే సామీ. తలుపేసినాది. బిడ్డింటికి పోయింటాది అనుకుంటి."

పూజారి నాగశేషు హారతి పళ్ళెం కింద పెట్టాడు. "అనుకుంటివా? పా, చూసొద్దాం."

తలుపు పగలగొడితే ఆమె స్నానాల గదిలో తుంటి విరిగి పడి ఉంది. ముందురోజు నుంచి మంచినీళ్ళయినా లేవు. ఆంబులెన్సు ఎక్కించి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. అవ్వకు చల్లారిన పొంగలే పెట్టారు.

దసరా తరువాతి మంగళవారం బాషా పేర్లు చెబుతూ దస్తగిరమ్మ దగ్గరికి వచ్చాడు. అతడు నోరు తెరిచేలోగా గుడి మెట్ల కింద కర్ర పట్టుకుని నిలబడ్డ ముసలామె, "తిన్యా నాయనా, రెండు దోసెలు" అని గట్టిగా పలికింది. ఆ పూట నైవేద్యం వేళకే జరిగింది.