శాలువా కప్పేంతసేపు

మొన్నటి రథసప్తమి సాయంత్రం, చినమల్లవరం రామమందిరం పందిట్లో, ఊరు ఊరంతా చూస్తూండగా అన్యాయం జరిగింది వకుళకి. ఆమె హరికథ చెప్తోంది. తోడు ఎవరూ లేకుండా పూర్తి కథ చెప్పడం అదే మొదటిసారి. కథ సగం దాటింది, కథలోని పెళ్ళికూతురు రెండు చేతులా మాల పట్టుకుని సభలో నిలబడింది, వరుడి మెడలో వెయ్యడమే తరువాయి. సరిగ్గా అప్పుడు వకుళ పొట్టలో ఎవరో తాడు మెలిపెట్టినట్టయింది. చిడతలు హార్మోనియం మీద పెట్టి, సభకి దండం పెట్టి, ఒక్క నిమిషమని చెప్పి దిగింది. మందిరానికి మరుగుదొడ్డి లేదు. పక్కనున్న బడికి ఉంది గానీ తాళం వేసుంది. వీధి దాటి ఎవరింట్లోనో దూరి, పని కానిచ్చుకుని, కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి ఆమె కథని ఇంకొకడు చెప్తున్నాడు. మొదలెట్టిన కథ మధ్యలో తెగడం ఊరికి అరిష్టమని కమిటీ కార్యదర్శి కోదండపాణి మైకులో ప్రకటించి, ముందు వరసలో కూర్చున్న ఒక కుర్ర భాగవతార్‌ని పైకి పిలిచాడట. తడి కాళ్ళతో పందిరి రాటకి ఆనుకుని, తను నిలబెట్టి వెళ్ళిన పెళ్ళికూతురి చేత మరొకడు మాల వేయిస్తూంటే వింది వకుళ. వాడు రాగం కూడా తప్పాడు.

వకుళకున్నది క్రోన్స్ అనే జబ్బు. పేగుల గోడలు పుండ్లు పడతాయి, మానినట్టే మానుతాయి, మళ్ళీ రేగుతాయి. మందులకి అణిగి ఉంటుందే తప్ప పూర్తిగా పోదు. వచ్చినప్పుడు ఆగమంటే ఆగదు. ఇది చాలదన్నట్టు పేగుకీ మూత్రాశయానికీ మధ్య లోపల్లోపలే ఒక అడ్డదారి పడింది. దాంతో మూత్రంలో మంట, చలిజ్వరం. పక్కనే అండాశయంలో తిత్తులు, నెలలో సగం రోజులు రక్తస్రావం. పట్నంలో ఆమె వెళ్ళే ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్లు మూడు అంతస్తుల్లో కూర్చుంటారు. మంట సంగతి చెప్తే పేగుల డాక్టరు అది తన శాఖ కాదంటాడు. మూత్రం డాక్టరు మూలం పేగుల్లో ఉందని కిందికి పంపుతాడు. ఆడవాళ్ళ డాక్టరమ్మ, ఒక బిడ్డ పుడితే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయని చెప్పి, బిడ్డ పుట్టడం ఎందుకు కష్టమో మాత్రం పై అంతస్తులో కనుక్కోమంటుంది. లోపల మూడూ గోడలు బద్దలుకొట్టుకుని ఒకే కాపరం చేస్తుంటే, బయట వీళ్ళు ముగ్గురూ సరిహద్దులు గీసుకుని కూర్చున్నారు. ఆ మెట్లు ఎక్కలేకా దిగలేకా ఒకసారి మధ్య అంతస్తులో కూలబడి, ముగ్గురినీ ఇక్కడికే పిలవండి, నేను ఒక్కదాన్నే, ఎక్కడికీ పారిపోనని అరిచింది వకుళ. సెక్యూరిటీ అతను వచ్చి మంచినీళ్ళిచ్చి పంపించాడు.

ఇక ఊళ్ళో డాక్టర్లకి లెక్కలేదు. ఒకరు మెంతులు నానబెట్టమంటారు, ఒకరు నూనె మానమంటారు, ఒకరు దిష్టి తీయించమంటారు. స్టెరాయిడ్ మాత్రలకి మొహం బూరెలా పొంగితే, ఒళ్ళు చేశావే, ఆరోగ్యం కుదుటపడ్డట్టుందే అని సంబరపడతారు. చిక్కిపోతే, వేళకి తినవే అమ్మా అంటారు. ఏం తింటే ఏమవుతుందో తెలియక మెత్తటి అన్నం, చారునీళ్ళతో బతుకుతున్న మనిషికి తిండి మీద ఉపన్యాసాలు. రథసప్తమి మర్నాడైతే కోదండపాణి భార్య పనిగట్టుకుని వచ్చింది. మొగుడు అడగలేని ప్రశ్న ఆవిడ మోసుకొచ్చింది. నిన్న పందిట్లో ఉన్నప్పుడు రక్తం అయిందటగా, అది నెలదా, రోగందా అని. నెలదైతే పందిరికి శుద్ధి చేయించాలి, రోగందైతే ఫరవాలేదట.

"పరీక్షకి ఇచ్చానండి. రిపోర్టు మంగళవారం వస్తుంది. అందాకా మీ పందిరిని ఓపిక పట్టమనండి" అంది వకుళ.

ఆవిడ వెళ్ళాక తలుపేసుకుని ఏడ్చింది. ఏడుపుకి కూడా పొట్ట నొప్పెడితే అదీ ఆపేసింది. తర్వాత చిడతలు పాత జాకెట్టు గుడ్డలో మూట కట్టుకుని గురువుగారింటికి బయల్దేరింది. ఇచ్చేసి రావడానికే.

పేరిందేవి గారికి డెబ్బై దాటాయి. యాభై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల పందిళ్ళన్నింటిలో హరికథలు చెప్పిన మనిషి. ఆవిడకొక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే అడకత్తెర తీసి వక్క కత్తిరించడం మొదలుపెడతారు. జవాబు ఆ పూట రాదు. ఒక్కోసారి పండగ దాటాక వస్తుంది, ఒక్కోసారి అడిగినవాళ్ళు మర్చిపోయాక వస్తుంది. వాదన మాత్రం ఎప్పుడూ చెయ్యరు. ఈ అలవాటు వల్ల ఆవిడ దగ్గర శిష్యులు తక్కువ, ఉన్నవాళ్ళకి ఓపిక ఎక్కువ. వకుళకి ఆవేళ ఆ ఓపిక కూడా లేదు. మూట గురువుగారి ముందు పెట్టి, నిలబడే అడిగేసింది.

"అమ్మగారూ, కథ తెగకూడదంటారు. నా ఒళ్ళు ఆగదు. రెంటిలో నేను దేన్ని వదులుకోవాలి?"

ఒళ్ళు వదులుకోవడం ఎలాగూ కుదరదు కాబట్టి జవాబు ఏమిటో తనకి తెలుసనీ, ఆవిడ నోట వినిపోదామని వచ్చాననీ కూడా అంది. పేరిందేవి గారు అడకత్తెర అందుకున్నారు. వక్క నాలుగు ముక్కలైంది, ఎనిమిదైంది, పొడి అయింది. మూట వంక చూడనైనా లేదు. శ్రీరామనవమికి అదే మందిరంలో తన కథ ఉందనీ, శ్రుతిపెట్టె వకుళే పట్టాలనీ చెప్పారు. ఆ పందిట్లో చచ్చినా అడుగు పెట్టనంది వకుళ.

"శ్రుతికి రమ్మన్నానే. వాళ్ళని క్షమించమన్నానా?" అన్నారు పేరిందేవి గారు. మూట మాత్రం నవమి దాకా వకుళ దగ్గరే ఉంచుకోమన్నారు. తన ఇంట్లో చోటు లేదట.

జవాబుకి బదులు చాకిరీ దొరికిందని గొణుక్కుంటూ ఇంటికొచ్చింది వకుళ. మధ్యలో రెండుసార్లు జ్వరం తగిలింది, ఒకసారి సెలైన్ ఎక్కింది, మూడు అంతస్తులూ మళ్ళీ ఎక్కి దిగింది. నవమి రానే వచ్చింది. ఉదయం నుంచీ ఏమీ తినకుండా, నీళ్ళు కూడా లెక్కగా తాగి, అటు పొట్టనీ ఇటు మూత్రాన్నీ బతిమాలుకుంటూ పందిరి చేరింది. కోదండపాణి ఆమెని చూసి చూపు పక్కకి తిప్పుకున్నాడు. పేరిందేవి గారికి మాత్రం ఎదురెళ్ళి, ఏం కావాలన్నా సెలవియ్యమన్నాడు. పాలా, పళ్ళా, మెత్తటి ఆసనమా అని అడిగాడు. ఆవిడ అవేమీ వద్దని, పక్క బడి మరుగుదొడ్డి తాళంచెవి మాత్రం ఇప్పించమన్నారు. పెద్ద వయసు కదా, అడిగింది న్యాయమే అనుకుని పరుగున తెప్పించాడు. దాన్ని కొంగున ముడేసుకుని ఆవిడ చిడతలు అందుకున్నారు.

కథ ఎత్తుకుని అరగంట కాలేదు, ఒక నాయకుడు వచ్చాడు. వెనకాల పాతికమంది. ముందు వరస లేచి వెనక్కి వెళ్ళింది, వెనక వరస లేచి బయటికి వెళ్ళింది. కోదండపాణి వేదిక మీదికి గబగబా ఎక్కి, అమ్మగారూ ఒక్క నిమిషం అని మైకు పుచ్చుకున్నాడు. నాయకుడికి శాలువా కప్పాలి. శాలువా ప్లాస్టిక్ కవరు చిరగలేదు. కత్తెర కోసం ఒకడు పరిగెత్తాడు. కప్పాక ఫోటో సరిగా రాలేదని విప్పి మళ్ళీ కప్పారు. కప్పించుకున్నవాడు ఊరికే ఉంటాడా, మురుగు కాలవల మీద మాట్లాడ్డం మొదలెట్టాడు. పేరిందేవి గారు చిడతలు కింద పెట్టి, పీట మీద కూర్చుని, మిరియాల పాలు తెప్పించుకున్నారు. అప్పటికే వకుళ పళ్ళు బిగించుకుని ఉంది. లేస్తే మళ్ళీ అదే పందిరి, అవే కళ్ళు. ఈసారి లేచానంటే మరిక జన్మలో ఎక్కనని అనుకుంటూ ఉంది. ఏదో ఒళ్ళో పడితే చూసుకుంది. తాళంచెవి. గురువుగారు ఆమె వైపు చూడటం లేదు, పాలు ఊదుకుంటున్నారు.

వకుళ వెళ్ళింది. వచ్చింది. నాయకుడి ఉపన్యాసం ఇంకా కల్వర్టు దగ్గరే ఉంది.

ఆ తర్వాత కథ మళ్ళీ కాస్త నడిచిందో లేదో, పందిరికి చందాలిచ్చిన వాళ్ళ పేర్లు చదవడం మొదలైంది. ఒకాయన పేరు తప్పిపోయింది. ఆయన బావమరిది లేచి గొడవపడ్డాడు. పేర్లన్నీ మొదట్నించీ మళ్ళీ చదివారు. తాళంచెవి మళ్ళీ ఒళ్ళో పడింది, మళ్ళీ కొంగు చేరింది. చివరికి పెళ్ళికూతురు మాల పట్టుకుని సభలోకి వచ్చింది. వకుళ శ్రుతిపెట్టె మీదికి వంగింది. ఇది ఆమె కథ తెగిన చోటు. పేరిందేవి గారు గొంతు పైకెత్తబోయారు, అంతలో కోదండపాణి మళ్ళీ ఎక్కాడు. స్వామివారి పట్టుబట్టల వేలం ఇప్పుడే కానియ్యాలట, ఆలస్యమైతే పాడుకునేవాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోతారట. పాట పెరుగుతూ పోయింది. ఇద్దరు అన్నదమ్ములు పంతానికి పోయారు. అంతసేపూ ఆ పెళ్ళికూతురు మాల పట్టుకుని నిలబడే ఉంది, చేతులు పడిపోయి ఉంటాయి పాపం. అరిష్టం అన్నవాడు ఒక్కడు లేడు. ఈసారి వకుళకి అంత అవసరం లేదు. అయినా తాళంచెవి తీసుకుని నింపాదిగా వెళ్ళి, చన్నీళ్ళతో మొహం కడుక్కుని, జడ సరిచేసుకుని వచ్చింది. నడుస్తూంటే నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ఒళ్ళుమండింది కూడా. రథసప్తమి నాడు తను తీసుకున్నది వీళ్ళ శాలువా కవరు చింపినంతసేపు కూడా కాదు.

వేలం అయింది, మాల వరుడి మెడలో పడింది, హారతి ఇచ్చారు. కోదండపాణి మైకు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యాభై ఏళ్ళ అనుభవమంటే ఇదీ అన్నాడు. ఇంతసేపు కథ ఎక్కడా తెగకుండా నూలు వడికినట్టు సాగిందన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పేరిందేవి గారు పీట మీంచి లేచి, నడుం సరిచేసుకుని, మైకు దగ్గరికి జరిగారు.

"ఎక్కడా తెగలేదా నాయనా?"

"అబ్బే, లేదమ్మగారూ. ఇంత పెద్ద సభ, అడగండి కావాలంటే."

సభ కూడా లేదనే అంది. అయితే చైత్ర శుద్ధ ద్వాదశి సాయంత్రం ఆరున్నరకి ఇదే పందిట్లో వకుళ కథ ఉంటుందనీ, రథసప్తమి నాడు ఆగిన చోటునుంచి కాదు, మొదట్నించీ చెప్తుందనీ, ఆ మాట ఆయన నోటితోనే మైకులో చెప్పమనీ అన్నారు పేరిందేవి గారు. కోదండపాణి నోరు తెరిచాడు. మరి ఆవిడ మధ్యలో అని మొదలెట్టాడు.

"ఆవిడ మధ్యలో?" అన్నారు పేరిందేవి గారు, మైకులోనే.

కోదండపాణి సభ వంక చూశాడు. పట్టుబట్టలు పాడుకున్న అన్నదమ్ముల వంక చూశాడు. తను కప్పిన శాలువాతోనే ముందు వరసలో కునుకుతున్న నాయకుడి వంక చూశాడు. తర్వాత మైకు తీసుకుని ద్వాదశి, ఆరున్నర అని ప్రకటించాడు.

వేదిక దిగుతూంటే వకుళకి కళ్ళు తిరిగాయి. పొద్దుటినుంచీ తిండి లేదు, నడుం కింద మంట ఉండనే ఉంది. రేపటికి జ్వరం వస్తుందని ఆమెకి తెలుసు. ద్వాదశికి తగ్గుతుందో లేదో తెలియదు, తగ్గినా పుండ్లు పోవనీ లోపలి అడ్డదారి పూడదనీ తెలుసు. గురువుగారి భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. చంకలో చిడతల మూట అలాగే ఉంది. ఇంతకీ తను మాఘమాసంలో అడిగినదానికి జవాబు చెప్పలేదని కాస్త చిరాగ్గానే గుర్తుచేసింది. పేరిందేవి గారు కొంగు ముడి విప్పి, తాళంచెవి తీసి, ఆ మూటలోకి తోసేశారు.

"దాని సంగతి తర్వాత. ద్వాదశికి కథ మధ్యలో నీకు శాలువాలు ఎన్ని కావాలో ముందే చెప్పు. పాపం కోదండపాణి కొనుక్కోవాలిగా" అన్నారు.